అప్‌డేట్ బెడిసికొట్టినప్పుడు: ఇంటి కంప్యూటరును ఫార్మాట్ దాకా పోనీయకుండా చూసుకునే పద్ధతి

కాజీపేటలో ఉండే మా అక్క ఒక బుధవారం ఉదయం ఫోన్ చేసి, "తమ్మీ, పొద్దటి సంది కంప్యూటర్ల గుండ్రాలే తిరుగుతున్నయి. ముప్పై అయిదు శాతం కాడ ఆగింది, ముందుకు పోతలేదు. స్విచ్ బంద్ చేయాల్నా?" అని అడిగింది. వద్దక్కా, అట్లనే ఉండనీ అని నేను చెబుతుండగానే వాళ్ల వాడలో కరెంటు పోయింది. అరగంటకు కరెంటు వచ్చాక ఆన్ చేస్తే, డిస్కు తాళం తీసే 48 అంకెల రికవరీ కీ ఇవ్వమంటూ నీలిరంగు తెర ఒకటి వచ్చి అక్కడే నిలిచిపోయింది. మేనకోడలి ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్ల గడువు ఇంకా రెండు రోజులే ఉంది. బావ కంగారుగా సీపీయూను స్కూటరు మీద పెట్టుకొని రిపేరు షాపుకు తీసుకెళ్తే, ఫార్మాట్ కొడితే ఒక్క పూటలో అయిపోతుందని, సాయంత్రం వచ్చి తీసుకెళ్లమని అక్కడ చెప్పారు.

ఫార్మాట్ కొడితే కంప్యూటరు నడిచే మాట నిజమే. పాత కంప్యూటరు నుంచి తెచ్చి దాచుకున్న పదేళ్ల ఫొటోలు, బావ ఉద్యోగ విరమణ కాగితాల స్కాన్లు మాత్రం తిరిగి రావు. అదృష్టవశాత్తూ బావ ఒప్పుకునే ముందు నాకొకసారి ఫోన్ చేశారు. ఆ కీ ఎక్కడికీ పోలేదు. కంప్యూటరు కొన్నప్పుడు మేనకోడలు తన మెయిల్ ఐడీతో తెరిచిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంది. ఆమె ఫోన్లోనే దాన్ని చూసి, అంకెలు ఒక్కొక్కటిగా చదువుతుంటే బావ కొట్టారు. పది నిమిషాల్లో కంప్యూటరు తెరుచుకుంది, మిగిలిన అప్‌డేట్ తనంతట తానే పూర్తయింది. ఇలాంటివి ఇళ్లలో కొన్ని చూశాక నాకు తేలిందేమిటంటే, చెడిన అప్‌డేట్ చేసే నష్టం కంటే ఆ తర్వాతి గంటలో మనం కంగారులో చేసే పనుల వల్ల జరిగే నష్టమే ఎక్కువ. అందుకే ఆ గంటకు కావలసినవి ముందే ఎలా సమకూర్చుకోవాలో, ఆ గంటలో ఏ వరుసలో నడవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది విండోసే కాబట్టి ప్రధానంగా దాని గురించే చెబుతాను.

అప్‌డేట్లు ఎప్పుడు వస్తాయి

అక్క ఫోన్ బుధవారం ఉదయమే రావడం వెనుక ఒక కారణం ఉంది. మైక్రోసాఫ్ట్ తన నెలవారీ భద్రతా అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం, అమెరికా పశ్చిమ తీరపు సమయం ప్రకారం ఉదయం పది గంటలకు విడుదల చేస్తుంది. మన గడియారంలో అది రాత్రి పదిన్నర, చలికాలంలో అయితే పదకొండున్నర. కాబట్టి మన దగ్గర చాలా ఇళ్లలో కంప్యూటరు ఆ అప్‌డేటును అందుకునేది మరునాడు ఉదయం ఆన్ చేసినప్పుడే.

ఇవి కాక, నెల చివరి భాగంలో 'ప్రివ్యూ' అనే పేరుతో ఐచ్ఛికమైన అప్‌డేట్ ఒకటి వస్తుంటుంది. వచ్చే నెల మార్పులను ముందుగా రుచి చూపించేదే అది, ఇంటి కంప్యూటరుకు దానితో పనిలేదు. ఏడాదికోసారి, సాధారణంగా రెండో అర్ధభాగంలో, పెద్ద అప్‌డేట్ వస్తుంది. 24హెచ్2, 25హెచ్2 అనే పేర్లు దానివే. ప్రింటరు, వైఫై, శబ్దం వంటి పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్లు, అంటే డ్రైవర్లు, 'ఆప్షనల్ అప్‌డేట్స్' అనే అరలో వేరుగా కనిపిస్తాయి. నడుస్తున్న ప్రింటరుకు కొత్త డ్రైవరు వేయడం, బాగున్న పంటి మీద పటకారు పెట్టడం లాంటిదని నా అభిప్రాయం.

ఇంత తలనొప్పి ఎందుకు, అప్‌డేట్లు పూర్తిగా బంద్ చేసేస్తే పోదా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. కొన్ని షాపుల్లో అదొక సేవలాగా చేసి ఇస్తారు కూడా. 2017 మే 12న ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై దాడిని గుర్తు చేసుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది. ఆ దాడి వాడుకున్న లోపానికి మందు, ఎంఎస్17-010 అనే పేరుతో, అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవారు బయటపడ్డారు, రెండు నెలలు వేసుకోనివారు చిక్కుకున్నారు. అందువల్ల అప్‌డేటును వారం పది రోజులు ఆపడం జాగ్రత్త అవుతుంది కానీ, ఏడాది పాటు ఆపడం ఇంటి తలుపు తీసిపెట్టి ఊరెళ్లడమే అవుతుంది.

ముందుగా చేసి పెట్టుకోవలసినవి

అన్నిటికంటే ముందు బ్యాకప్. "డి డ్రైవ్‌లో పెట్టినం, ఏం కాదు" అనే ధీమా మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. సి, డి అనేవి చాలా కంప్యూటర్లలో ఒకే డిస్కుకు చేసిన రెండు వాటాలు మాత్రమే. ఒకే మడికి నడుమ ఒడ్డు పెట్టి రెండు చేసినట్టు. వాన గట్టిగా కొడితే రెండూ మునుగుతాయి. పైగా డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను డి డ్రైవ్‌కు మార్చుకున్నవారినే ఒకసారి అప్‌డేట్ దెబ్బతీసింది. 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్, 1809, అలా మార్చుకున్న కొందరి కంప్యూటర్లలో పాత చోట మిగిలి ఉన్న ఫైళ్లను తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబరు 13న మళ్లీ విడుదల చేసింది. ఫైళ్లు నిజంగా పోయినట్టు ఫిర్యాదులు వచ్చింది పదివేల ఇన్‌స్టాళ్లలో ఒకదాని నుంచేనని అప్పట్లో ఆ సంస్థ చెప్పింది. ఆ ఒక్కటీ మన ఇల్లే అయితే ఆ లెక్కతో మనకు ఒరిగేదేమీ ఉండదు.

కాబట్టి విడిగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు కొనుక్కోవాలి, నెలకోసారి దానిలోకి ముఖ్యమైన ఫోల్డర్లను కాపీ చేయాలి. విండోస్‌లోనే ఉన్న 'ఫైల్ హిస్టరీ'కి ఒకసారి ఆ డిస్కును చూపిస్తే, తగిలించి ఉన్నంతసేపూ మారిన ఫైళ్లను అదే కాపీ చేసుకుంటుంది. పని అయ్యాక డిస్కును తీసి బీరువాలో పెట్టాలి. తగిలించే ఉంచిన డిస్కు, కంప్యూటరుకు వచ్చిన వైరసును తానూ పంచుకుంటుంది. కాపీ అయిన తర్వాత ఆ డిస్కు నుంచే రెండు మూడు ఫొటోలు, ఒక పీడీఎఫ్ తెరిచి చూడడం తప్పనిసరి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే. అన్నీ మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ అర అయిన వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా అనేవారు రెండు విషయాలు గమనించాలి: ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే, అది పెళ్లి ఫొటోలకే చాలదు, పైగా అది రెండు చోట్లా ఒకేలా ఉంచే ఏర్పాటు కాబట్టి ఇక్కడ చెరిపినది అక్కడా చెరిగిపోతుంది, కొన్నాళ్లు చెత్తబుట్టలో మాత్రం ఉంటుంది.

రెండోది రికవరీ కీ. విండోస్ 11లో, ముఖ్యంగా 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా మొదలుపెట్టిన చాలా కంప్యూటర్లలో, హోమ్ ఎడిషన్ అయినా సరే, డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతోంది, అంటే కీ లేనిదే చదవలేని రహస్య రూపంలోకి మారుతోంది. దొంగలెత్తుకెళ్లినా లోపలి ఫైళ్లు చదవలేరనేది దాని వల్ల లాభం. అప్‌డేట్ మధ్యలో ఏదైనా తేడా వస్తే కంప్యూటరు యజమానినే అనుమానించి కీ అడగడం దాని వల్ల ఇబ్బంది. మీ కంప్యూటరులో ఇది ఉందో లేదో సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అన్న చోట కనిపిస్తుంది. ఉంటే, ఫోన్లో బ్రౌజరు తెరిచి, కంప్యూటరులో వాడిన అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, 'డివైసెస్' విభాగంలో ఆ కంప్యూటరు పేరు కింద ఉండే బిట్‌లాకర్ (ఈ ఎన్‌క్రిప్షన్‌కు విండోస్ పెట్టిన పేరు) రికవరీ కీలను తెరవాలి. ఒకటి కంటే ఎక్కువ కనిపించవచ్చు. కీ అడిగే తెర మీద 'కీ ఐడీ' అని కొన్ని అక్షరాలు చూపిస్తుంది, వాటితో సరిపోయే కీయే పనిచేస్తుంది. ఆ 48 అంకెలను, ఆ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో సహా కాగితం మీద రాసి, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి కాగితాలు పెట్టే చోటే పెట్టడం మంచిది. అది ఎవరి మెయిల్ ఐడీ అన్నది కూడా రాయాలి. కంప్యూటరును మొదట తెరిచింది షాపులోని అబ్బాయి, వాడింది అతని మెయిల్ అయితే, కీ అతని ఖాతాలోనే ఉంటుంది. అటువంటి ఇళ్లు నేను రెండు చూశాను.

ఈ కీ విలువ ఎంతటిదో 2024 జులై 19న తెలిసింది. ఆ రోజు క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేరు పంపిన ఒక తప్పు ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి, శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అది విండోస్ అప్‌డేట్ కాదు, ఇంటి కంప్యూటర్లకు తగలలేదు కూడా. మందు చిన్నదే, విండోస్‌ను కనీస అవసరాలతో మాత్రమే తెరిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడం. అయితే ఎన్‌క్రిప్ట్ అయిన యంత్రాల్లో సేఫ్ మోడ్‌లోకి వెళ్లడానికే కీ కావలసి రావడంతో ఎన్నో చోట్ల పని ఆగిపోయింది.

మూడోది ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్. కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకొని, మైక్రోసాఫ్ట్ సొంత సైటు నుంచి 'మీడియా క్రియేషన్ టూల్' దించుకొని, కంప్యూటరు బాగున్నప్పుడే తయారు చేసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయని గుర్తుంచుకోవాలి. చెడినప్పుడు బాగుచేసుకోవడానికి కంప్యూటరులోనే రికవరీ తెర ఉండగా ఇదెందుకు అనిపించవచ్చు. 2025 అక్టోబరు 14న వచ్చిన కేబీ5066835 అనే నెలవారీ అప్‌డేట్, విండోస్ మామూలుగా నడుస్తున్నా, సరిగ్గా ఆ రికవరీ తెరలో మాత్రం యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయకుండా చేసింది. ఆసుపత్రికి దారి ఉంది కానీ గేటుకు తాళం పడినట్టయింది. ఆరు రోజుల తర్వాత, అక్టోబరు 20న, కేబీ5070773 అనే అత్యవసర అప్‌డేటుతో అది సరైంది. ఆ ఆరు రోజుల్లో కంప్యూటరు తెరుచుకోనివారికి, ముందే చేసిపెట్టుకున్న పెన్‌డ్రైవే ఆసరా అయింది.

రీస్టోర్ పాయింట్ గురించి క్లుప్తంగా చెబుతాను. స్టార్ట్ మెనూలో 'క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్' అని వెతికి తెరిస్తే, చాలా కంప్యూటర్లలో 'ప్రొటెక్షన్' ఆఫ్‌లో ఉంటుంది. సి డ్రైవ్‌కు ఆన్ చేసి, అయిదారు శాతం చోటిచ్చి, పెద్ద అప్‌డేట్ ముందు ఒక పాయింట్ చేసుకోవాలి. ఇది విండోస్ ఫైళ్లను, సెట్టింగులను మాత్రమే వెనక్కి తెస్తుంది, ఫొటోలను కాదు. అలాగే సి డ్రైవ్‌లో పాతిక జీబీ అయినా ఖాళీ ఉండేలా చూసుకుంటే సగం ఇబ్బందులు పుట్టకముందే పోతాయి.

ఇక కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలిదుమారం లేస్తే మన వైపు తీగల మీద కొమ్మలు పడడం, కరెంటు పోవడం మామూలే. లైన్ల మరమ్మతుకు ఏ ఫీడరు మీద ఎప్పుడు తీస్తారో పత్రికల జిల్లా పేజీల్లో ముందే వస్తుంది, దాన్ని చూసుకోవాలి. ఇన్వర్టర్ ఉన్నంత మాత్రాన డెస్క్‌టాప్ ఆగకుండా ఉంటుందనుకోవద్దు. చాలా ఇన్వర్టర్ల వెనుక 'యూపీఎస్ మోడ్' అని ఒక చిన్న మీట ఉంటుంది. అది మామూలు మోడ్‌లో ఉంటే, కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు కానీ కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. మీట మార్చి, కంప్యూటరులో ముఖ్యమైన పనేదీ లేనప్పుడు మెయిన్ ఆపి పరీక్షించుకోవాలి. ఇన్వర్టర్ లేనివారికి 600 వీఏ చిన్న యూపీఎస్ ఒకటి చాలు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించి, బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. కంప్యూటరు బోర్డు మీదే ఉండి దాన్ని మొదట లేపే ప్రోగ్రాము బయాస్; దాని అప్‌డేట్ వీటన్నిటికంటే సున్నితమైనది. ఆ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు. తయారీదారు భద్రత కోసం ఇచ్చినది, లేదా మీకున్న సమస్యకు నేరుగా మందు అయినది తప్ప వేయకపోవడమే మేలు.

ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆగాలి

సెట్టింగ్స్‌లో 'విండోస్ అప్‌డేట్' తెరిస్తే 'పాజ్ అప్‌డేట్స్' కనిపిస్తుంది. ఒక వారం నుంచి అయిదు వారాల దాకా ఆపవచ్చు. గడువు తీరాక, వచ్చినవి వేసుకున్న తర్వాతే మళ్లీ ఆపనిస్తుంది. నేను మా ఇళ్లన్నిటికీ పాటించే పద్ధతి ఏమిటంటే, రెండో మంగళవారానికి ముందు రోజు రెండు వారాల పాజ్ పెట్టి, ఆ తర్వాత వచ్చే రెండో శనివారం ఉదయం, అంటే పది పదకొండు రోజుల తర్వాత, అప్‌డేట్ వేయడం. దోషాలుంటే అప్పటికే బయటపడతాయి, ఒక్కోసారి మందు కూడా వచ్చేస్తుంది. మైక్రోసాఫ్ట్ తన 'విండోస్ రిలీజ్ హెల్త్' పేజీలో తెలిసిన సమస్యలను, వాటి స్థితిని స్వయంగా ప్రకటిస్తుంది; ఇంగ్లిషులో ఉన్నా ఇంటర్ చదివే పిల్లలెవరైనా చూసి చెప్పగలరు. సెట్టింగ్స్‌లోని 'విండోస్ అప్‌డేట్' పేజీలో 'గెట్ ది లేటెస్ట్ అప్‌డేట్స్' అని మొదలయ్యే మీట ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే మనమే వరుసలో ముందు నిలబడ్డట్టు.

ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేటుకు మాత్రం రెండు నెలలు ఆగినా తప్పులేదు, పాత వెర్షన్‌కు భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉన్నంతకాలం. హనుమకొండలో ఇంట్లోనే కూర్చొని పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసేవారు, పాత పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికేవారు, ఇంకో నెల ఎక్కువ ఆగాలి. అదే సాఫ్ట్‌వేరు వాడే ఇంకొకరి కంప్యూటరులో నడిచిందని కళ్లారా చూశాకే వేయాలి.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, డిగ్రీ ప్రవేశాల దోస్త్ రిజిస్ట్రేషన్, ఉద్యోగ దరఖాస్తు, పన్ను రిటర్ను, ఇలాంటి గడువు మూడు రోజుల్లో ఉందంటే ఆ కంప్యూటరులో ఏ అప్‌డేటూ ముట్టకూడదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తున్నప్పుడు ఆ వైఫై 'ప్రాపర్టీస్'లో 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేస్తే, చాలా అప్‌డేట్లు అడగకుండా దిగవు, డేటా కూడా మిగులుతుంది.

శాతం దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తే

ఓపిక పట్టడమే మొదటి మందు. పాత హార్డ్‌డిస్కు ఉన్న కంప్యూటర్లలో ఒకే అంకె దగ్గర గంట, గంటన్నర నిలిచి ఉండడం అసాధారణం కాదు. అంకెను కాదు, సీపీయూ ముందు మిణుకుమనే చిన్న దీపాన్ని చూడాలి. అది అప్పుడప్పుడూ మెరుస్తోందంటే లోపల పని జరుగుతోంది. 'అన్‌డూయింగ్ చేంజెస్' అని కనిపిస్తే, వేయలేకపోయిన అప్‌డేటును విండోస్ తనే వెనక్కి తీస్తోందని అర్థం. ఆ సమయంలో ఆపితే వెళ్లే దారీ వచ్చే దారీ రెండూ పాడవుతాయి. మూడు గంటలైనా దీపం కదలక, అంకె మారకపోతే అప్పుడు ప్రింటరు, పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్కు అన్నీ ఊడదీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపి, మళ్లీ ఆన్ చేయాలి. గోడ దగ్గరి స్విచ్ మాత్రం వద్దు.

వేశాక ఏదో చెడితే

ఇక్కడ వరుస ముఖ్యం. చిన్న మందు నుంచి పెద్ద మందుకు వెళ్లాలి, ఒక్కో మెట్టు తర్వాత ఆగి చూడాలి.

మొదటి మెట్టు రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం దీనికి సమానం కాదు. 'ఫాస్ట్ స్టార్టప్' ఉన్న కంప్యూటరు షట్‌డౌన్‌లో విండోస్ గుండెకాయను అలాగే నిద్రపుచ్చి దాచుకుంటుంది, మరుసటిసారి అదే పాత స్థితిని లేపుతుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. శబ్దం రావడం లేదు, వైఫై కనిపించడం లేదు అనే ఫిర్యాదులు కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

తీరకపోతే, చెడింది ఒక్క పరికరమేనా అని చూడాలి. ఒక్క ప్రింటరో, ఒక్క వైఫైయో అయితే 'డివైస్ మేనేజర్'లో దాని 'ప్రాపర్టీస్' తెరిచి, 'రోల్ బ్యాక్ డ్రైవర్' బటన్ వెలిగి ఉంటే నొక్కాలి. వెలగకపోతే వెనక్కి తీయడానికి పాత డ్రైవరు లేదని అర్థం, తయారీదారు సైటు నుంచి దించుకోవాలి. వెబ్‌లో దొరికే 'డ్రైవర్ అప్‌డేటర్' సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

కంప్యూటరు మొత్తం నెమ్మదించినా, తరచూ ఆగిపోతున్నా, అప్‌డేటునే తీసేయాలి. 'విండోస్ అప్‌డేట్'లో 'అప్‌డేట్ హిస్టరీ' తెరిచి, చివర ఉన్న 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' నొక్కితే, తేదీతో, కేబీ నంబరుతో జాబితా వస్తుంది. ఆ నంబరును ముందు ఒక కాగితం మీద రాసుకొని, తర్వాత తీసేయాలి. తీసిన వెంటనే పాజ్ పెట్టకపోతే అదే అప్‌డేట్ రాత్రికి రాత్రే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. తీసేసినన్ని రోజులూ కంప్యూటరుకు ఆ నెల రక్షణ ఉండదు కాబట్టి, బ్యాంకు పనులు ఫోన్లో చేసుకోవడం మంచిది. ఏడాది అప్‌డేట్ చెడితే దారి వేరు: 'సిస్టమ్', 'రికవరీ', 'గో బ్యాక్'. దీనికి పది రోజులే గడువు. పాత విండోస్ అంతా 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డరులో ఆ పది రోజులే ఉంటుంది. చోటు కోసమని దాన్ని తుడిపేస్తే వెనక్కి దారి మూసుకున్నట్టే.

అప్‌డేట్ అసలు దిగకుండా, ప్రతిసారీ ఒకే ఎర్రరు చూపిస్తే అన్నిసార్లూ మన తప్పు కాదు. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441, రికవరీ వాటాలో 250 ఎంబీ ఖాళీ లేని కంప్యూటర్లన్నిటిలో, 80070643 అంకెల ఎర్రరుతో విఫలమైంది. దానికోసం ఇళ్లలో డిస్కు వాటాలను కోసి అతికించబోయి అసలుకే ఎసరు తెచ్చుకున్నవారున్నారు. ఎర్రరు నంబరు దొరకగానే మందు వేయడం కాదు, అది కంప్యూటరు పనిని అడ్డుకుంటోందా అని చూడాలి. అడ్డుకోకపోతే ఒక నెల ఆగడమే తెలివైన పని.

ఇవేవీ పనిచేయనప్పుడు రీస్టోర్ పాయింట్. అదీ ఫలించకపోతే, విండోస్ 11 కొత్త వెర్షన్లలో 'రికవరీ' పేజీలో 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' అనే బటన్ ఉంది. అది ఫైళ్లను, ప్రోగ్రాములను, సెట్టింగులను అలాగే ఉంచి విండోస్‌ను మాత్రమే మళ్లీ వేస్తుంది. చాలా మందికి తెలియని, నాకు బాగా నచ్చిన సదుపాయమిది. దాని కింద ఉండే 'రీసెట్ దిస్ పీసీ'లో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకున్నా ప్రోగ్రాములు పోతాయి, కాబట్టి అది చివరి మెట్టు.

తెరుచుకోకపోతే

విండోస్ లోగో దాకా వచ్చి మూడుసార్లు వరుసగా ఆగిపోతే సాధారణంగా రికవరీ తెర తనే వస్తుంది. లాగిన్ తెర దాకా వస్తుంటే, షిఫ్ట్ నొక్కి పట్టి రీస్టార్ట్ నొక్కినా అదే తెర వస్తుంది. అక్కడ 'ట్రబుల్‌షూట్', 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోపల 'స్టార్టప్ రిపేర్' మొదట, 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' తర్వాత ప్రయత్నించాలి. రెండో దానిలో 'క్వాలిటీ' అంటే నెలవారీది, 'ఫీచర్' అంటే ఏడాదిది. నెల అప్‌డేట్ తర్వాత చెడితే మొదటిదే ఎంచుకోవాలి. ఆ తెర కూడా రాకపోతే పెన్‌డ్రైవ్ పెట్టి దాని నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ బదులు 'రిపేర్' ఎంచుకుంటే అవే సాధనాలు దొరుకుతాయి.

అన్నీ విఫలమై షాపుకు తీసుకెళ్లక తప్పకపోతే, సీపీయూ అప్పగించే ముందు ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి: అన్నా, ముందు డిస్కు తీసి ఇంకో కంప్యూటరుకు తగిలించి ఫైళ్లు కాపీ చెయ్యి, నేను చూసుకున్నంక ఫార్మాట్ కొట్టు. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కు అయితే అప్పుడు కూడా ఆ 48 అంకెలు కావాలి, కాబట్టి కాగితం వెంట తీసుకెళ్లాలి.

తెర నిండా అప్‌డేట్ బొమ్మ వేసి, కింద ఫోన్ నంబరు ఇచ్చి, కాల్ చేయమంటే అది విండోస్ కాదు. అసలైన నీలి తెర, ఇప్పటి విండోస్ 11లో నల్ల తెర, ఏనాడూ ఫోన్ నంబరు చూపించదు. బ్రౌజరును మూసేయాలి, అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

విండోస్ 10 వాడేవారికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే పొడిగించిన భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయని ప్రకటించారు. విండోస్ బదులు ఉబుంటు వాడేవారి పని తేలిక: కొత్త కెర్నెల్ (ఉబుంటు గుండెకాయ) మొరాయిస్తే, బూట్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' కింద పాత కెర్నెల్ ఎంచుకుంటే చాలు. మ్యాక్‌లో వేసిన అప్‌డేటును తీసేయడం తేలిక కాదు, అందుకే మ్యాక్‌లోనే ఉండే టైమ్ మెషీన్ అనే సాధనంతో తీసిన బ్యాకప్ లేకుండా మొదలుపెట్టకూడదు.

కంప్యూటరు దారికి వచ్చాక చేయవలసిన పని ఒకటుంది. ఏ కేబీ నంబరు తీసేశామో, పాజ్ ఏ తేదీదాకా ఉందో రాసిపెట్టాలి, ఆ తేదీకి కొత్త అప్‌డేట్ వచ్చిందా అని చూసి వేయాలి; పాజ్ పెట్టి మరిచిపోయిన కంప్యూటర్లే ఎక్కువ. మా అక్క ఇంట్లో గోడ క్యాలెండరు మీద, గ్యాస్ బండ బుక్ చేసిన తేదీ పక్కన, ఎర్ర పెన్నుతో ఒక శనివారం చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. దాని కింద బావ చేతిరాతతో రెండే మాటలు: "హార్డ్‌డిస్కు, కాగితం."